పాత దర్వాజ అమ్మేముందు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఊళ్లలో ఈ మాట తరచుగా వినబడుతుంది. "పాత ఇల్లు కూలగొట్టినం. కొత్తది కడుతున్నం." చాలా ఇండ్లల్లో మగవాళ్లు గల్ఫ్ దేశాల్లో ఉంటారు. వాళ్లు పంపిన పైసలతో ఆడవాళ్లే ఇల్లు కట్టిస్తారు. సుతారితో మాట్లాడేది వాళ్లే. వడ్లాయనతో బేరం చేసేది వాళ్లే. బీడీలు చేసుకుంటూనే ఈ పని కూడా చూసుకుంటారు.

ఇల్లు కూలగొట్టిన రోజు పాత సామాను కొనేవాళ్లు వస్తారు.

"ఈ దర్వాజ పాతబడ్డదమ్మా. పొయ్యిల పెట్టనీకే పనికొస్తది. అన్నీ కలిపి గుత్తగా ఇంత ఇస్త" అంటారు.

వాకిట్లో జాగ లేదు. అడ్డం పోతే చాలు అనిపిస్తుంది. సరే అని ఇచ్చేస్తాం. తర్వాత కొత్త దర్వాజ ధర అడిగితే గుండె గుభేలుమంటుంది.

అసలు ఆ పాత దర్వాజ ఏ కట్టెది?

మన పాత ఇండ్లలో చాలా వాటికి టేకు వాడారు. గోదావరి దాటితే జన్నారం దిక్కు టేకు అడవులే కదా. టేకు మొద్దును అడ్డంగా కోసి చూడండి. అంచున తెల్లగా ఉంటుంది. లోపల గోధుమ రంగులో ఉంటుంది. ఆ లోపలి భాగమే చేవ. చేవలో నూనె వంటి పదార్థం ఉంటుంది. అది చెదలకు గిట్టదు. అంచున ఉన్న తెల్ల చెక్కకు ఆ బలం లేదు. పురుగు ముందు దాన్నే పడుతుంది. లేత చెట్టును కొడితే చేవ తక్కువ, తెల్ల చెక్క ఎక్కువ. పాతకాలంలో ముదురు చెట్లు దొరికేవి. అందుకే తాతల నాటి దర్వాజ ఇంకా గట్టిగా ఉంటుంది.

మీరే పరీక్ష చేయవచ్చు. దర్వాజ వెనుక, రంగు లేని చోట కత్తితో కొంచెం గీకండి. గోధుమ రంగు కనబడిందా? వేలికి కొంచెం జిడ్డు తగిలిందా? ఘాటైన వాసన వచ్చిందా? అయితే అది టేకు కావచ్చు. నమ్మకమైన వడ్లాయనకు ఒకసారి చూపించండి.

ఇక కొలత. కట్టెను ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు మందం ఉంటే ఒక ఘనపుటడుగు. సామిల్లులో దీన్నే సీఎఫ్టీ అంటారు.

ఒక దర్వాజ చట్రం ఉందనుకోండి. రెండు నిలువు చెక్కలు 7 అడుగుల చొప్పున 14 అడుగులు. పై చెక్క, కింది గడప 4 అడుగుల చొప్పున 8 అడుగులు. మొత్తం 22 అడుగులు. చెక్క వెడల్పు 5 అంగుళాలు, మందం 3 అంగుళాలు. 5ను 3తో గుణిస్తే 15. 22ను 15తో గుణిస్తే 330. దీన్ని 144తో భాగించాలి. రెండుంబావు ఘనపుటడుగుల కన్నా కొంచెం ఎక్కువ వస్తుంది. 144 ఎందుకంటే, అడుగుకు 12 అంగుళాలు. 12ను 12తో గుణిస్తే 144.

తలుపు రెక్కలు, దూలాలు వేరుగా కొలవండి. సామిల్లులో కొత్త టేకు ధర అడిగి తెలుసుకోండి. పాతదానికి అంత రాదు. పగుళ్లు, మేకుల రంధ్రాలు తీసేయాలి. అయినా అది వంటచెరకు ధర మాత్రం కాదు.

అమ్మకుండా ఉంచుకుంటే ఇంకా మంచిది. దూలం కోయిస్తే కొత్త కిటికీ చట్రం అవుతుంది. తలుపు రెక్కలు అల్మారాకు పనికొస్తాయి. మీ గోడ కొలత ప్రకారం చేయించుకోవచ్చు. బజారులో కొన్నది ఒక్కోసారి మూలకు పట్టదు. పొడి చెక్కను బంకతో అతికించి చేసిన అల్మారాలు కూడా అమ్ముతారు. చూపుకు బాగుంటాయి. నీళ్లు తగిలితే ఉబ్బిపోతాయి.

పాత కట్టెలో విరిగిన మేకులు దాగి ఉంటాయి. అవి తగిలితే రంద పదును పోతుంది. అందుకే వడ్లాయన కూలి కొంచెం ఎక్కువ అడుగుతాడు. అది న్యాయమే.

అమ్మమ్మ సందూక, పాత మంచం కదులుతుంటే మేకులు కొట్టకండి. చెక్క చీలుతుంది. అతుకు విప్పించి, పాత మడ్డి గీకించి, బంక పెట్టి మళ్లీ బిగించాలి. చెక్కకు సన్న రంధ్రాలు ఉంటే కింద కాగితం పరచండి. కొన్ని రోజుల తర్వాత చూడండి. కొత్తగా పొడి రాలితే లోపల పురుగు బతికి ఉన్నట్టు. చెక్కకు వాడే మందు పెట్టించాలి. ఎర్రటి ఎండలో మాత్రం పెట్టవద్దు. పగుళ్లిస్తుంది.

పాత రంగు గీకేటప్పుడు చాలా జాగ్రత్త. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. సీసం విషం. ఆ దుమ్ము చిన్న పిల్లల మెదడుకు చేటు చేస్తుంది. ఇంటి రంగుల్లో సీసం చాలా తక్కువ ఉండాలని మన దేశంలో 2017 నుంచి నియమం ఉంది. మీ దర్వాజ రంగు అంతకు ముందుది కదా! అందుకే పొడిగా గీకించవద్దు. తడిపి గీకాలి. ఇంట్లో కాదు, బయట. ముక్కుకు గుడ్డ కాదు, మంచి మాస్కు పెట్టుకోవాలి. పిల్లలను, గర్భిణులను దూరం ఉంచాలి. రాలిన పెళ్లలను పొయ్యిలో వేయకూడదు. రంగు వేసిన కట్టెను కూడా కాల్చకూడదు.

కొత్త కట్టె కొంటే బిల్లు అడగండి. రాత్రిపూట తక్కువ ధరకు తెచ్చిచ్చే టేకు దొంగ టేకు కావచ్చు. అటవీశాఖ వాళ్లు పట్టుకుంటే కట్టె పోతుంది. కేసు కూడా అవుతుంది.

వడ్లాయనతో బేరం కుదిరినప్పుడు ఒక కాగితం మీద రాసుకోండి. ఏ వస్తువు, ఏ కట్టె, ఎన్ని అడుగులు, ఎంత మందం. కూలి ఎంత, బయానా ఎంత, ఏ రోజుకు ఇస్తాడు. మిగిలిన ముక్కలు ఎవరివి? ఇది కూడా రాయండి. ఎక్కువ గొడవ వచ్చేది దాని దగ్గరే. కింద ఇద్దరూ సంతకం చేయండి. కాగితం సందూకలో పెట్టుకోండి.