మీకు తెలుసా? కరెంటు పోతేనే పట్టే బ్రేకు

ఎలక్ట్రానిక్స్ నడిపే యంత్రాల్లో సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ ఒకటి. అందులో బరువైన స్పిండిల్ హెడ్‌ను పైకీ కిందికీ కదిపే సర్వో మోటారులో సాధారణంగా ఒక బ్రేకు ఉంటుంది. కరెంటు అందితే వదులుతుంది. పోగానే స్ప్రింగులు బిగించి పట్టేస్తాయి. ఆగిన మోటారును పట్టి ఉంచడమే దాని పని. తిరిగే మోటారును దానితో పదేపదే ఆపితే లైనింగ్ అరిగిపోతుంది.

మిషన్ ఆపగానే హెడ్ కాస్త దిగుతోందా? మోటారు మార్చేయడానికి తొందరపడకండి. బ్రేకు పట్టడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది. ఈలోపే డ్రైవ్ మోటారును వదిలేస్తే హెడ్ జారుతుంది. తప్పు బ్రేకుది కాదు, డ్రైవ్ సెట్టింగ్‌ది. బ్రేకు లోపలికి నూనె, కూలెంట్ చేరినా పట్టు సడలుతుంది. చాలా బ్రేకులకు 24 వోల్టుల డీసీ కావాలి. దాన్ని ప్యానెల్ దగ్గర కాదు, మోటారు కనెక్టర్ దగ్గరే కొలవాలి. సన్నని పొడవాటి వైర్లలో వోల్టేజీ పడిపోతే బ్రేకు పూర్తిగా వదలక, రాసుకుంటూ అరుగుతుంది.

వీటన్నిటికంటే ముందు, హెడ్ కింద గట్టి చెక్కదిమ్మ ఆనించండి. అది లేకుండా ఎవరినీ అక్కడ చేయి పెట్టనివ్వకండి.