మడి కట్టుకుని బడికెళ్ళిన మామ్మ

‘మడి’ అనగానే మీకేం గుర్తొస్తుంది? ఎవరికీ అందకుండా దండెం మీద కర్రతో ఆరేసిన చీర, ‘దూరం, దూరం’ అంటూ వంటింటి గడప దగ్గరే మనల్ని ఆపేసే పెద్దావిడ... అంతేగా! నాకు మాత్రం మడి అనగానే మా కోనసీమలో ఒక తాటాకుల బడి గుర్తొస్తుంది. 35 ఏళ్ళు పాఠాలు చెప్పిన మా మామ్మ గుర్తొస్తుంది.

మామ్మంటే మా తాతయ్యకి చెల్లెలు. 1927లో పుట్టింది. పదో ఏట యానాంలో పెళ్ళి చేశారు. యానాం ఎందుకంటారా? 1930లో శారదా చట్టం అమలులోకి వచ్చాక 14 ఏళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేయడం నేరమైంది. యానాం అప్పట్లో ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉండేది. ఆ చట్టం అక్కడ చెల్లదు. అందుకని ఇటువైపు వాళ్ళు చిన్నపిల్లల్ని యానాం తీసుకెళ్ళి మూడు ముళ్ళూ వేయించుకొచ్చేవారు. చట్టాన్నయితే తప్పించుకున్నారు గానీ తలరాతని తప్పించుకోలేకపోయారు. కాపురానికి వెళ్ళకుండానే, 13వ ఏట, మామ్మ నుదుటి బొట్టు చెరిగిపోయింది.

తాతయ్య పట్టుబట్టి చెల్లెల్ని కాకినాడలో బంధువుల ఇంట ఉంచి చదివించారు. టీచరు ట్రైనింగు చేయించారు. 1948లో మా పక్క ఊరి బడిలో ఉద్యోగం వచ్చింది. ఒకటే గది, ఒకే పంతులమ్మ. పిల్లల్లో సగం మంది పేట పిల్లలు.

ఇక మామ్మ భక్తి గురించి చెప్పాలంటే, మా ఇంట్లో కోడి కూసేది మామ్మ లేచాకే! చన్నీళ్ళ స్నానం, తడిబట్టతో తులసికోట చుట్టూ ప్రదక్షిణలు, దీపం, పోతనగారి భాగవతం నుంచి నాలుగు పద్యాలు. ఏకాదశినాడు పచ్చి మంచినీళ్ళయినా ముట్టేది కాదు. కార్తీకమాసం వచ్చిందంటే తెల్లవారకముందే కాలవలో స్నానం, అరటిదొప్పలో దీపం. భీష్మ ఏకాదశికి అంతర్వేది వెళ్ళి నరసింహస్వామి కల్యాణం చూడందే ఆ ఏడు గడిచినట్టు కాదు. ఇంత నిష్ఠగల మనిషి, సాయంత్రం బడి నుంచి రాగానే నేరుగా పెరట్లో నూతి దగ్గరికి వెళ్ళి తలారా నీళ్ళు పోసుకునేదిట. ‘బడి మైల’ పోవాలి కదా మరి! 1950లో వచ్చిన మన రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. కానీ అది మా నూతిగట్టు దాకా రావడానికి మరి రెండేళ్ళు పట్టింది.

ఎలా వచ్చిందో మామ్మ ఎప్పుడూ చెప్పలేదు. 1999లో ఆవిడ పోయినప్పుడు, పదో రోజున యాభై అయిదేళ్ళావిడ ఒకరు మా ఇంటికొచ్చారు. జరీ అంచు నేతచీర, చేతిలో గొడుగు. తనూ టీచరునేనని చెప్పి, పంచలో కూర్చుని, ‘మీ మామ్మగారు మీకు చెప్పలేదా?’ అంటూ మొదలుపెట్టారు.

1952లో పుష్యమాసం. ఆవిడకి ఎనిమిదేళ్ళు. మామ్మ బడిలో మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి సాయంత్రం మా పెరటి గుమ్మం దాకా వచ్చిందిట. చలిలో వణుకుతూ మామ్మ నీళ్ళు పోసుకుంటోంది. ‘పంతులమ్మగారికి ఒంట్లో బాగాలేదా?’ అని పాలేరుని అడిగితే, ‘కాదే, మిమ్మల్నందర్నీ ముట్టుకుంది కదా’ అన్నాడుట. కళ్ళజోడు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు మామ్మ పలక దిద్దుదామని చెయ్యి చాపితే, ఆ పిల్ల పలకని చేతికివ్వలేదు. నేల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడింది. ఎందుకలా పెట్టావని అడిగితే ఏమందో తెలుసా? ‘నేను ముట్టుకుంటే మీరు మళ్ళీ తల తడుపుకోవాలి కదండీ. చలికాలం, జలుబు చేస్తుంది.’

మామ్మ ఏమీ మాట్లాడలేదుట. ఆ పలక తీసుకుని, పిల్లని దగ్గరికి పిలిచి, చెయ్యి పట్టుకుని ‘అమ్మ, ఆవు’ దిద్దించిందిట. ఆ రోజంతా ఆ పిల్లని పక్కనే కూర్చోబెట్టుకుందిట.

ఇది విని మా నాయనమ్మ కళ్ళొత్తుకుంది. మిగతా సగం ఆవిడకి తెలుసు! ఆ సాయంత్రం మామ్మ నూతి దగ్గరికి వెళ్ళలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి దీపం పెట్టబోయింది. ‘ఇదేం అనాచారం!’ అని నాయనమ్మ అడ్డు నిలబడింది. మామ్మ ఒకటే మాట అందిట: ‘ఏనుగు పిలిస్తే ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చిన స్వామి వదినా ఆయన. దాని ఒంటికున్న బురద చూశాడా?’ అప్పట్నుంచి స్నానం పొద్దున్న ఒక్కసారే. మడిచీర కట్టుకుని దీపం పెట్టి, అదే చీరతో బడికి వెళ్ళేది. ‘దేవుడి దగ్గరికి ఎంత శుభ్రంగా వెళ్తామో పిల్లల దగ్గరికీ అంతే శుభ్రంగా వెళ్ళాలి’ అనేది.

ఊరికే అయిపోలేదండీ. ఏడాదిపాటు నాయనమ్మ ఆవిడని వంటింట్లోకి రానివ్వలేదు. మామ్మ పంచలో కుంపటి పెట్టుకుని తన మటుకు అన్నం వండుకునేది. జీతం మాత్రం నెలనెలా తెచ్చి అన్నగారి చేతిలోనే పెట్టేది! అదెవరికీ మైల కాలేదు చూడండి.

1983లో ఉద్యోగుల పదవీ విరమణ వయసుని 58 నుంచి 55కి తగ్గించినప్పుడు మామ్మ ఉన్నట్టుండి రిటైరైంది. మర్నాటి నుంచి మా వీధరుగే బడి. నేనూ ఆ అరుగు మీదే అక్షరాలు దిద్దుకున్నాను. ఎవరికి నోరు తిరక్కపోయినా పద్యం పాడి వినిపించేది. శుక్రవారం సాతాళించిన సెనగలు, పండగలకి చలిమిడి, వడపప్పు... నైవేద్యం పెట్టేది దేవుడికే గానీ కొలత మాత్రం పిల్లల లెక్కనే వేసేది.

1996 నవంబరు 6న కోనసీమ తుఫాను వచ్చిన రాత్రి నాకింకా గుర్తే. కొబ్బరిచెట్లు పుల్లల్లా విరిగిపడుతుంటే పేటలోంచి జనం పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తుకొచ్చారు. మా ఇంట్లో కురవని గది దేవుడి గది ఒక్కటే. మామ్మ మందసాన్ని గోడ వారకి జరిపి, తలుపులు బార్లా తెరిచింది. తడిసిన పిల్లలకి తన మడిచీరలు కప్పింది. ఈసారి నాయనమ్మ అడ్డు చెప్పలేదు సరికదా, తనే వేడి గంజి కాచి పోసింది.

అలాగని మామ్మని దేవతని చేయను. పేటలో ఎవరింట్లోనూ ఆవిడ మెతుకు ముట్టలేదు. రాగలిగినంత దూరం వచ్చింది, అంతే. మిగతా దూరం మన వంతు.

నా సంగతి చెప్పనా? ఇంత విన్నదాన్ని, పెళ్ళయి నా వంటిల్లు నాకొచ్చాక పనమ్మాయికి విడిగా ఒక స్టీలు గ్లాసు పెట్టాను! అందరిళ్ళల్లోనూ ఉందిగా అనుకున్నాను. ఎన్నో ఏళ్ళు నడిచిపోయింది. ఒకరోజు కాఫీ పోయబోతుంటే, ఆ అమ్మాయి కిటికీలోంచి గ్లాసు తీసి, నేల మీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగింది. నాకు చెయ్యి ఆడలేదు. ఆ పలక గుర్తొచ్చింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ గ్లాసు కడిగి మా గ్లాసుల్లో కలపడానికి నాకు అన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు ఏది ఎవరిదో నాకూ తెలియదు.

పూజగది మనం రోజూ శుభ్రం చేసుకుంటాం. ఇది చదవడం అయ్యాక, ఒక్కసారి లేచి మీ వంటింటి కిటికీ వైపు కూడా చూడండి. అక్కడ ఏదైనా గ్లాసు విడిగా ఉందేమో!