కాగితాలు అక్కరలేని బండి: ఎంతవరకు నిజం?

ఆర్మూరు (మా విలేకరి): పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాద్ మార్కెట్ యార్డులో కాంటా పెట్టించి వచ్చిన రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజుల్లో ఆర్మూరు బజారుకు కళ వస్తుంది. వెనుకటి రోజుల్లో ఆ డబ్బుతో ఎడ్లు కొనేవారు. తర్వాత సైకిలు వచ్చింది. 1972లో లూనా పుట్టాక మోపెడు మోజు పట్టుకుంది. ఇప్పుడు చప్పుడు చేయని కరెంటు బండి వంతు వచ్చింది. పెర్కిట్, మామిడిపల్లి, అంకాపూర్, ఏ దారిన పోయినా పాలక్యాను తగిలించుకొనో, ఎరువు బస్తా ముందు పెట్టుకొనో ఈ బండి ఎదురవుతున్నది.

"లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషను అక్కరలేదు, ఇన్సూరెన్సు అక్కరలేదు, పెట్రోలు అసలే అక్కరలేదు." కరెంటు బండి కొనబోయిన వారికి ముందుగా చెవిన పడే మాట ఇదే. ఇందులో చివరిది పూర్తిగా నిజం. మొదటి మూడు మాత్రం కొన్ని బండ్లకే నిజం. ఆ కొన్ని ఏవో తెలుసుకోకుండా కొన్నవారు తర్వాత చిక్కుల్లో పడుతున్నారు. అటువంటి చిక్కు ఈ విలేకరి ఇంటికే వచ్చింది.

మేనమామ తెచ్చిన బండి

ఈ విలేకరి మేనమామ పసుపు అమ్మిన డబ్బుతో ఒక కరెంటు బండి తెచ్చుకున్నారు. కాగితాలు అక్కరలేదన్న భరోసాతోనే కొన్నారు. చేను గట్టు ఎక్కే బలం లేదని వారం తిరగకుండానే బండిని దుకాణానికి తీసుకుపోతే, అక్కడ ఒక వైరు తీసి ఇచ్చారు. అంతే, పాతిక మీద ఆగిపోయే ముల్లు నలభై దాటింది. మామ సంతోషానికి మేర లేదు.

ఆ సంతోషం రెండు నెలలే. ఊరి మలుపులో నీళ్ళ బిందెతో వస్తున్న ఒక ముసలమ్మకు బండి తగిలింది. చప్పుడు లేదు గనుక వెనుక బండి వస్తున్నదని ఆమెకు తెలియనే లేదు. చెయ్యి విరిగింది. ఆస్పత్రి ఖర్చు, ఆమె కూలి పోయిన రోజుల డబ్బు పెద్దమనుషుల్లో కూర్చొని మామే కట్టుకున్నారు.

"కాయితాలు అవసరం లేదన్నరు గదరా అల్లుడా?" అని మామ అడిగారు.

"వైరు తియ్యక ముందు అవసరం లేదు మామా. తీసినంక అన్నీ అవసరమే" అని చెప్పవలసి వచ్చింది.

చట్టం గీసిన గీత

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989 నాటివి. అందులో బ్యాటరీ బండి గురించి ఒక గీత ఉన్నది. మోటారు బలం 250 వాట్లకు లోపు ఉండాలి. వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోపు ఉండాలి. ఈ రెండూ నిజమేనని ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ తేల్చి ధ్రువపత్రం ఇవ్వాలి. పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. అటువంటి సంస్థల్లో ఒకటి. ఇవన్నీ కుదిరిన బండిని మోటారు వాహనంగా లెక్కించరు. కాబట్టి దానికి లైసెన్సు, నంబరు, బీమా తప్పనిసరి కాదు.

రెండింటిలో ఏ ఒక్కటి గీత దాటినా అది మోటారుసైకిలు కింద లెక్క. కరెంటుతో నడిచినా, పెట్రోలుతో నడిచినా చట్టానికి ఒకటే. లైసెన్సు ఉండాలి, రవాణా శాఖ వద్ద రిజిస్టరు కావాలి, బీమా ఉండాలి, తలకు హెల్మెట్ ఉండాలి. నంబరు పలక కూడా వేరు. 2018 నుంచి కరెంటు బండ్లకు ఆకుపచ్చ పలక పెట్టారు. సొంత బండికి దాని మీద తెల్ల అక్షరాలు ఉంటాయి. మీ పక్కన 40, 50 వేగంతో దూసుకుపోయే కరెంటు స్కూటరుకు ఆకుపచ్చ పలక లేదంటే ఏదో తేడా ఉన్నట్టే.

వైరు తీసి వేగం పెంచడం మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. 2023లో కేరళ రవాణా శాఖ దుకాణాలు తనిఖీ చేసినప్పుడు ఇదే మోసం బయటపడింది. వేగం పెంచిన బండికి పాత మినహాయింపు చెల్లదు. దుకాణదారు తన సొమ్ము తీసుకొని ఊరుకుంటాడు. రోడ్డు మీద జవాబు చెప్పవలసింది బండి యజమానే.

బీమా లేకుంటే ఏమవుతుంది?

జరిమానా సంగతి అటుంచండి. అసలు భయం ప్రమాదం జరిగినప్పుడు. మోటారు వాహనం తగిలి మనిషి చనిపోతే, తప్పు ఎవరిదని రుజువు చేయకుండానే 5 లక్షలు, తీవ్రంగా గాయపడితే రెండున్నర లక్షలు పరిహారం ఇవ్వాలని చట్టంలోని 164వ సెక్షను చెబుతున్నది. బీమా ఉంటే కంపెనీ కడుతుంది. లేకుంటే యజమాని కట్టాలి. ఎకరం పసుపు మీద వచ్చే రాబడి ఎంతో, ఈ మొత్తం ఎంతో రైతు సోదరులే లెక్క వేసుకోవచ్చు.

పోనీ, కాగితాలు చేయించుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుందా అంటే అదీ లేదు. కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము పూర్తిగా మాఫీ చేస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఉత్తర్వు ఇచ్చింది. 2026 డిసెంబరు 31 వరకు అని అందులో గడువు పెట్టారు. కొనేవారు ఆ తేదీని గుర్తు పెట్టుకోవాలి. బీమా మాత్రం కట్టాలి. కొత్త ద్విచక్ర వాహనానికి 5 ఏండ్ల బీమా ఒకేసారి తీసుకోవాలన్న నిబంధన 2018 సెప్టెంబరు నుంచి ఉన్నది.

పిల్లల చేతికి బండి

చప్పుడు లేదు, గేర్లు లేవు, తొక్కే పని లేదు. అందుకే బడికి పోయే పిల్లలు కూడా ఈ బండ్ల మీద కనిపిస్తున్నారు. మోటారు వాహనం నడపడానికి 18 ఏండ్లు నిండాలి. 16 ఏండ్ల వారికి చట్టం ఇచ్చిన వెసులుబాటు 50 సి.సి. లోపు మోటారుసైకిలుకే, అదీ లైసెన్సు తీసుకున్న తర్వాతనే. 2019లో చట్టాన్ని సవరించి తల్లిదండ్రులను కూడా బాధ్యులను చేశారు. మైనరు నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో 3 ఏండ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏండ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

చిన్న బండికి ఈ సెక్షన్లు తగలకపోవచ్చు. కాని పెర్కిట్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే లారీకి అది చిన్న బండో పెద్ద బండో తెలియదు. పాతిక వేగంతో పోయే బండితో పిల్లలను ఆ రోడ్డు ఎక్కనివ్వకపోవడమే మంచిది.

మూడు చక్రాల కరెంటు బండ్లకు లెక్క వేరు. మనుషులను మోసే ఈ-రిక్షాలో నలుగురు ప్రయాణికులు, 40 కిలోల సామాను మించరాదు. సరుకు మోసే ఈ-కార్టుకు 310 కిలోలే పరిమితి. వీటికి లైసెన్సు, రిజిస్ట్రేషను తప్పవు. పసుపు బస్తాలు ఎక్కించే ముందు బరువు చూసుకోవాలి.

ఇంట్లో చార్జింగ్ వద్దు

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో జరిగిన ఘోరం చాలామందికి గుర్తు ఉండే ఉంటుంది. స్కూటరు నుంచి తీసి ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ తెల్లవారుజామున పేలి, అక్కడే నిద్రిస్తున్న 80 ఏండ్ల వృద్ధుడు మరణించాడు. అదే నెలలో విజయవాడలో కూడా పడకగదిలో పెట్టిన బ్యాటరీ ఒకరి ప్రాణం తీసింది. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీల పరీక్షలను కట్టుదిట్టం చేసింది. కొత్త ప్రమాణాలు 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి ఆఖరు నుంచి రెండు విడతలుగా అమలులోకి వచ్చాయి. అందువల్ల పాత బండి చవకగా వస్తున్నదని కొనేవారు అది ఎప్పుడు తయారైందో తప్పక చూడాలి.

జాగ్రత్తలు పెద్ద కష్టమైనవి కావు. బ్యాటరీని గాలి ఆడే చోట, నీడలో చార్జింగ్ పెట్టాలి. పడుకునే గది, పసుపు నిల్వ ఉన్న కొట్టం, గడ్డివాము దగ్గర పెట్టరాదు. ఎండలో తిరిగి వచ్చిన వెంటనే కాకుండా చల్లారిన తర్వాత పెట్టాలి. బండితో వచ్చిన చార్జరునే వాడాలి. బోరు మోటారు డబ్బా నుంచి వైరు లాగి పెట్టరాదు. రాత్రంతా వదిలి పడుకోరాదు. ఉబ్బిన బ్యాటరీ, నీళ్ళలో మునిగిన బ్యాటరీ మళ్ళీ వాడరాదు. పొగ వస్తే దగ్గరికి పోకుండా అందరూ బయటికి వచ్చి 101కు ఫోను చేయాలి.

కొనే ముందు మూడు ప్రశ్నలు

దుకాణంలో డబ్బు లెక్కపెట్టే ముందు మూడు సంగతులు అడగాలి. మోటారు ఎన్ని వాట్లు? వేగం ఎంత? పరీక్షా సంస్థ ధ్రువపత్రం ఏది? జవాబులు నోటిమాటగా కాక బిల్లు మీద రాయించుకోవాలి. రాయడానికి వెనుకాడే దుకాణంలో కొనకపోవడమే మేలు. "వేగం పెంచి ఇస్తాం" అన్నవారికి దూరం నుంచే దండం పెట్టాలి.

రవాణా శాఖ అధికారులు ఏడాదికి ఒకసారి రోడ్డు మీద ఆపి జరిమానా రాయడంతో సరిపెట్టకుండా, పసుపు అమ్మకాల కాలంలో ఆర్మూరు దుకాణాలను తనిఖీ చేస్తే మూలం దగ్గరే మోసం ఆగుతుంది. గ్రామ పంచాయతీల నోటీసు బోర్డుల మీద ఈ నిబంధనలను తెలుగులో రాయిస్తే రైతులకు ఎంతో మేలు చేసినవారవుతారు.

మేనమామ తన బండికి తీసిన వైరును మళ్ళీ పెట్టించారు. ఇప్పుడది పాతిక మీదే పోతున్నది. మలుపు వచ్చిన ప్రతిసారీ, ముందు ఎవరూ లేకపోయినా, ఆయన హారను కొడుతున్నారు.