వ్యాపార సంస్థల కానుకలు – గ్రామ హస్తకళలు

కానుకలిచ్చి పుచ్చుకొనుట మన పల్లెలలో క్రొత్త ఆచారము కాదు. వ్యాపారులును దీనిని చిరకాలముగ పాటించుచున్నారు. నగల దుకాణమువారు ఆభరణముతోపాటు చిన్న సంచి నొకదానిని ఇత్తురు. ఎరువుల వ్యాపారి జనవరి మాసములో తన దుకాణము పేరు అచ్చు వేయించిన క్యాలెండరును రైతులకు పంచును. పట్టణములలోని పెద్ద సంస్థలు ఇదే పనిని పెద్దయెత్తున చేయుచున్నవి. దీపావళికిని, ఆంగ్ల సంవత్సరాదికిని, సంస్థ వార్షికోత్సవమునకును తమతో లావాదేవీలు జరుపు వారికి వందలకొలది కానుకలను పంపుచున్నవి.

ఈ విషయముతో గ్రామ పంచాయతీకి సంబంధమేమి యని సభ్యులు కొందరు అడుగవచ్చును. సంబంధము కలదు. అట్టి కానుకలకు మిక్కిలి తగిన వస్తువులు మన గ్రామములలోనే తయారగుచున్నవి. యాత్రికుల రాకపైనను, పండుగలపైనను ఆధారపడిన అమ్మకము ఏడాది పొడవునను నిలకడగ నుండదు. ఒక సంస్థ ఇచ్చు పెద్ద ఆర్డరు అనేక కుటుంబములకు ఒక్కమారుగ పని కల్పింపగలదు. అయితే అట్టి ఆర్డరు వచ్చుటకును, వచ్చినది చేజారకుండుటకును కొన్ని సంగతులు తెలిసియుండవలెను. వానినే ఇచట వివరించుచున్నాము.

జ్ఞాపకముండు కానుక ఏది?

ఖరీదైనదైనంత మాత్రమున కానుక జ్ఞాపకముండదు. గోడకు తగిలించిన క్యాలెండరునే తీసికొందము. దాని వెల స్వల్పము. అయినను ఇంటివారు తిథులకు, పాల లెక్కకు, కూలి లెక్కకు దినదినమును దానివంక చూచుచుందురు. చూచినప్పుడెల్ల ఇచ్చిన దుకాణము పేరు కంటబడుచునే యుండును. మిక్కిలి వెలగల గాజు జ్ఞాపిక అలమరలో దుమ్ముపట్టి పడియుండవచ్చును. కావున కానుకకు మొదటి లక్షణము ఉపయోగము.

రెండవ లక్షణము, తాను ఎక్కడిదో చెప్పగలిగియుండుట. అచ్చుపోసిన ప్లాస్టిక్కు వస్తువును పుచ్చుకొన్నవారు దానిని గూర్చి మరియొకరితో చెప్పుటకు ఏమియు నుండదు. చేతితో చేసిన వస్తువునకు ఒక ఊరు కలదు. దానిని చేసిన మనిషి కలడు. బల్లపై దానిని చూచిన అతిథి, "ఇది ఎక్కడిది?" యని తప్పక అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పునపుడు ఇచ్చిన సంస్థ పేరు సహజముగనే వచ్చును.

మూడవది తగుదనము. దూర ప్రయాణము చేయువానికి నిలువెత్తు బొమ్మ నిచ్చినచో అది భారమే యగును. దేవతామూర్తి కొందరికి ప్రీతికరము, అందరికిని కాదు. ఎడ్లబండి, ఏనుగు అంబారి వంటివి ఎల్లరకును తగియుండును. నాలుగవది అణకువ. సంస్థ గుర్తును బొమ్మ నుదుటిపై అచ్చు వేసినచో అది కానుకగ గాక ప్రకటన పలకగ కనబడును. ఆ గుర్తు వస్తువు అడుగు భాగమున గాని, పెట్టెపై గాని చిన్నదిగ నుండుట మేలు.

కొండపల్లి, ఏటికొప్పాక

ఈ లక్షణములు మన వస్తువులలో ఎట్లున్నవో చూతము. ఎన్.టి.ఆర్. జిల్లాలోని కొండపల్లి బొమ్మలను తెల్ల పొణికి అను మెత్తని, తేలికయైన కొయ్యతో చేయుదురు. కొయ్యను బాగుగ ఆరబెట్టి, భాగములను వేరువేరుగ చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన ముద్దతో అతికింతురు. దానిపై సున్నపు పూత పూసి, అది ఆరిన పిమ్మట రంగులు వేయుదురు. దశావతారములు, ఏనుగు అంబారి, ఎడ్లబండి, తాటిచెట్టుపైనున్న గీత కార్మికుడు మున్నగు బొమ్మలు ప్రసిద్ధములు. ఇవి తేలికగ నుండుటచే దూరమునకు పంపుట సులభము. కాని సన్నని చేతులును, కొమ్మలును దారిలో విరుగు భయము కలదు. కావున కొండపల్లి బొమ్మకు మంచి పెట్టె బొమ్మయంత ముఖ్యము.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున గల ఏటికొప్పాకలో పని తీరు వేరు. అచట అంకుడు కొయ్యను యంత్రమునకు బిగించి, అది గిరగిర తిరుగుచుండగ ఉలితో నునుపుగ తీర్తురు. పిమ్మట లక్కకడ్డీని తిరుగుచున్న కొయ్యపై అదిమి పట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు అంటుకొనును. గింజలు, బెరళ్లు, వేళ్లు, ఆకులనుండి తీసిన రంగులతో ఈ బొమ్మలు పేరు గాంచినవి. ఈ కళాభివృద్ధికి కృషిచేసిన శ్రీ సి. వి. రాజునకు 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. యంత్రముపై తిప్పి చేయు వస్తువులగుటచే భరిణెలు, కలములుంచు గొట్టములు, చిన్న డబ్బాలు ఒకే కొలతలో చేయుట ఇచట సులువు. దినమును వాడుకొను కానుకను కోరు కార్యాలయములకు ఇవి మిక్కిలి అనువైనవి.

ఇట్టివి ఇంకను కలవు. జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి రేకు పనివారు సన్మాన జ్ఞాపికలకు పేరుపొందిరి. పోచంపల్లి నేత వస్త్రములు, నిర్మల్ బొమ్మలు మన ఎరుకలోనివే. భౌగోళిక గుర్తింపు పొందిన తినుబండారములలో ఆత్రేయపురం పూతరేకులు, పానీయములలో అరకు లోయ కాఫీ కలవు. అయితే ఆహార పదార్థములను కానుకగ పంపునపుడు తయారైన తేదియు, నిలువయుండు గడువును పెట్టెపై ముద్రింపవలెను; ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు పొందియుండవలెను.

సంస్థలు ఏమి కోరును?

వస్తువు అందముగ నున్నంత మాత్రమున ఆర్డరు నిలువదు. సంస్థలు ముఖ్యముగ నాలుగు విషయములు చూచును: కోరినంత సంఖ్య, ఒకే తీరు, చెప్పిన తేది, సరియైన బిల్లు.

ఒక లెక్క వేయుదము. ఒక సంస్థ దీపావళికి 300 కలముల గొట్టములు కోరినదనుకొందము. ఒక కుటుంబము దినమునకు 6 చేయగలిగినచో 50 దినములు పట్టును. అయిదు కుటుంబములు కలిసి చేసినచో 10 దినములు చాలును. సరిచూచుటకు, పెట్టెలలో అమర్చుటకు, రవాణాకు మరి 15 దినములు ఉంచుకొనవలెను. కొయ్య ముందుగనే ఆరియుండవలెను; పచ్చికొయ్యతో చేసిన వస్తువు పిమ్మట పగులును. కావున దీపావళి ఆర్డరును గూర్చి ఆషాఢ, శ్రావణ మాసములలోనే మాట్లాడుకొనుట శ్రేయస్కరము. ఆశ్వయుజములో వచ్చిన పెద్ద ఆర్డరును ఆశపడి ఒప్పుకొని, గడువు దాటించుటకంటె చేయగలిగినంత సంఖ్యకే ఒప్పుకొనుట మేలు. పండుగ గడచిన పిమ్మట చేరిన కానుక ఎవరికిని అక్కరకు రాదు; ఆ సంస్థ మరల ఆ ఊరి మొగము చూడదు.

ఒప్పందమునకు ముందు రెండు నమూనాలు చేసి, ఒకటి సంస్థవద్దను, రెండవది పనివారివద్దను ఉంచుకొనవలెను. పిమ్మట రంగు గూర్చి, కొలత గూర్చి తగవు వచ్చినచో నమూనాయే సాక్ష్యము. విరిగిన వానికి బదులుగ పంపుటకు నూటికి పది చొప్పున అధికముగ చేసి యుంచుట మంచిది. కొయ్యకును, లక్కకును కావలసిన సొమ్మును బయానాగ ముందుగనే పుచ్చుకొనవలెను. వెల కట్టునపుడు ముడిసరుకును, కూలిని మాత్రమేగాక పెట్టెను, రవాణాను, తరుగును లెక్కించవలెను. ఒకే ఊరివారు ఒకరిపై నొకరు వెల తగ్గించుకొనుచు పోయినచో లాభము మధ్యవర్తికి, శ్రమ పనివానికి మిగులును. సంఘముగ నేర్పడి ఒకే వెల చెప్పుట దీనికి విరుగుడు.

కొనువారి కష్టములను కూడ పనివారు ఎరిగియుండుట మంచిది. కానుకగ ఇచ్చివేసిన వస్తువులపై చెల్లించిన జి.ఎస్.టి.ని సంస్థలు తమ పన్నులో మినహాయించుకొనుటకు వీలులేదు. వ్యాపార సంబంధమున ఒకరికి ఏడాదిలో ఇచ్చు ప్రయోజనముల విలువ 20,000 రూపాయలు దాటినచో, 2022 జూలై 1 నుండి అమలులోనున్న నియమము ననుసరించి 10 శాతము ఆదాయపు పన్నును మూలముననే జమ చేయవలసియున్నది. కావున మితమైన వెలగల మంచి వస్తువు ఇచ్చువారికిని, పుచ్చుకొనువారికిని సదుపాయము.

పేరునకు రక్ష

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" యను సామెత మనవారికి తెలిసినదే. ఒక ఊరి పేరుతో వేరొకచోట చేసిన నకిలీ సరుకు అమ్ముడుపోయినపుడు ఈ సామెత నిజమగును. దీనిని అరికట్టుటకే 1999లో భౌగోళిక గుర్తింపు చట్టము చేయబడి, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి వచ్చినది. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు, పోచంపల్లి ఇక్కత్ ఈ గుర్తింపు పొందినవి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో లభించినది. ఈ నమోదు పదేండ్ల వరకు చెల్లును. పిమ్మట మరల పొడిగించుకొనవచ్చును.

అయితే గుర్తింపు ఊరికి వచ్చినంతనే పని ముగియదు. ఆ ప్రాంతమున నిజముగ ఆ వస్తువును చేయు ప్రతి పనివాడును అధికృత వినియోగదారుగ తన పేరు నమోదు చేయించుకొనవలెను. అపుడే గుర్తింపు చిహ్నమును పెట్టెపై వేయుటకు అతనికి హక్కు కలుగును. పెట్టెలో ఒక చిన్న కాగితముంచి, ఊరి పేరు, కొయ్య పేరు, పని పద్ధతి, చేసినవారి అనుమతితో వారి పేరు నాలుగు వాక్యములలో ముద్రించుట మంచిది. కానుకను జ్ఞాపకముంచునది ఆ నాలుగు వాక్యములే.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది, గ్రామములోని చేతిపనివారి జాబితా. ఎవరు ఏమి చేయుదురు, నెలకు ఎంత చేయగలరు, ఏ నెలలలో పని తక్కువ అను వివరములు ఒక పుస్తకములో వ్రాసి పంచాయతీ కార్యాలయములో ఉంచవలెను. ఏదైన సంస్థనుండి గాని, లేపాక్షి, గోల్కొండ విక్రయశాలలనుండి గాని విచారణ వచ్చినపుడు వెంటనే సమాధానము చెప్పుటకు ఇది ఉపకరించును.

రెండవది, పథకముల లబ్ధి చేకూర్చుట. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకము 18 వృత్తులకు వర్తించును. బొమ్మలు చేయువారు, బుట్టలు, చాపలు అల్లువారు, కుమ్మరులు, వడ్రంగులు ఇందులో చేరియున్నారు. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, 5 శాతము వడ్డీపై మొదట లక్ష, పిమ్మట రెండు లక్షల రూపాయల వరకు ఋణము దీనియందు కలవు. కుటుంబమునకు ఒకరికే అర్హత. దరఖాస్తుల మొదటి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగును. అక్కడ ఆలస్యమైనచో అంతయు ఆలస్యమగును. అసలు వృత్తి చేయనివాని పేరు అక్కడ చేరినచో అర్హుడైనవాడు నష్టపోవును.

మూడవది, తన ఖర్చుతోనే ఆదర్శము చూపుట. పదవీ విరమణ చేయు ఉపాధ్యాయునకు గాని, గ్రామమునకు వచ్చిన అతిథికి గాని పంచాయతీ జ్ఞాపిక ఇచ్చునపుడు పట్టణములో కొన్న ప్లాస్టిక్కు పలకకు బదులు మన ఊరి పనివాని వస్తువును ఇయ్యవచ్చును. మనమే కొనని దానిని ఇతరులు కొనవలెనని కోరుట తగదు.

నాలుగవది చెట్టు. పొణికి, అంకుడు లేనిదే ఈ బొమ్మలు లేవు. చుట్టుపట్ల అడవులలో తగిన కొయ్య దొరకుట నానాటికి కష్టమగుచున్నది. ఆర్డరులు పెరిగిన కొలది ఈ కష్టము హెచ్చును గాని తగ్గదు. బొమ్మల తయారీ గల ప్రాంతములలోని పంచాయతీలు ఉమ్మడి భూములలోను, చెరువుగట్లపైనను, పాఠశాల ఆవరణలోను అటవీ శాఖవారి సలహాతో ఈ మొక్కలను నాటింపవలెను. అంకుడు చెట్టునకు, నరికిన మోడునుండి మరల చిగుర్చు స్వభావము కలదు. వేరుతో పెకలింపక వంతులవారీగ కొట్టుకొనినచో ఒక తోట అనేక సంవత్సరములు కొయ్యనిచ్చును.

కానుకకు హద్దు

ఒక హెచ్చరిక కూడ అవసరము. వర్తకుడు వర్తకునకు బహిరంగముగ ఇచ్చునది కానుక. పంచాయతీ పనికై వచ్చిన గుత్తేదారు సభ్యునకు ఇచ్చునది కానుక కాదు. సర్పంచి, సభ్యులు ప్రజా సేవకులు. వారికి 1988 నాటి అవినీతి నిరోధక చట్టము వర్తించును. 2018లో చేసిన సవరణతో లంచము ఇచ్చుట కూడ నేరమే యైనది. అట్టి వస్తువు ఎంత చిన్నదైనను, పండుగపూట వచ్చినదైనను, సభ్యులు దానిని మర్యాదగ త్రిప్పి పంపవలెను. మన ఊరి బొమ్మయే అయినను ఈ నియమమునకు మినహాయింపు లేదు.

రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము. మన ఊరిలో చేతిపని తెలిసిన కుటుంబములు ఎన్ని, వారి వస్తువు ఏ కార్యాలయపు బల్లపై నిలువదగినది, దానికి కావలసిన కొయ్యగాని, ఇత్తడిగాని, నూలుగాని ఎచటినుండి వచ్చుచున్నది – ఈ మూడు ప్రశ్నలకు సమాధానములు వ్రాసి, చేతిపనివారి జాబితా ఆనాడే ఆరంభింపవలెను. నాటవలసిన మొక్కల తీర్మానము కూడ అదే సభలో చేసినచో, వానలు పడునప్పటికి గుంటలు సిద్ధముగ నుండును.