వంటింటి కిటుకులు: బ్రూక్షాబాద్ నుంచి చౌరా దాకా

అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ పక్కనే బ్రూక్షాబాద్. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారింది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో వందకు 13 మంది మాతృభాష తెలుగు. సముద్రం దాటినా మన వంటింటి సామాన్లు మనవే. చూడ్డానికి మామూలుగా ఉన్నా, ఒక్కోదాని వెనక ఒక్కో కిటుకు దాగి ఉంది.

ఉడికిందని కుక్కర్‌కెలా తెలుసు?
రైస్ కుక్కర్ గిన్నెలో నీళ్లున్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీళ్లన్నీ బియ్యం పీల్చుకున్నాయంటే వేడి ఎగబాకుతుంది. గిన్నె కింద స్ప్రింగు మీద కూర్చున్న అయస్కాంతం 103 డిగ్రీల ప్రాంతంలో పట్టు వదిలేస్తుంది. టక్కుమని మీట లేస్తుంది. అందుకే గిన్నె అడుగు తుడిచి పెట్టమంటారు. కింద ఒక్క మెతుకు ఇరుక్కున్నా లెక్క తప్పుతుంది. జపాన్‌లో తోషిబా కంపెనీ 1955లో తెచ్చిన తొలి కుక్కర్‌లో మాత్రం బయటి గిన్నెలో పోసిన నీళ్లు ఆవిరైపోవడమే గుర్తు. ఫుమికో మినామి అనే గృహిణి పూటపూటా అన్నం వండి చూసి ఆ లెక్క తేల్చారు.

విజిల్ వెనక ఓ శాస్త్రవేత్త
ప్రెషర్ కుక్కర్‌కు మూలపురుషుడు డెనిస్ పాపిన్. 1679లో ఎముకలను సైతం మెత్తబరిచే ఆవిరి పాత్ర చేశారు. అది పేలిపోకుండా సేఫ్టీ వాల్వూ ఆయనే పెట్టారు. లోపల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది కనుక కందిపప్పు ఇట్టే ఉడుకుతుంది. లేహ్ లాంటి ఎత్తయిన ఊళ్లో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి అక్కడ కుక్కర్ లేనిదే పప్పుడకడం కష్టం. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న బ్రూక్షాబాద్‌లో అది మిగిల్చేది గ్యాసూ, సమయమూ.

మిక్సీకి కోపం, గ్రైండర్‌కు ఓపిక
1963లో వచ్చిన సుమీత్ మిక్సీ వెనక ఓ ఇంటి అవసరముంది. విదేశీ మిక్సీ మన రుబ్బుడుకు తట్టుకోలేక కాలిపోతే, ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ గట్టి మోటారుతో కొత్తది తయారుచేశారు. అయితే బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది. ఇడ్లీ పిండికి చన్నీళ్లు పోసి రుబ్బమనేది అందుకే. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌లో రాళ్లు నెమ్మదిగా తిరుగుతాయి, పిండి చల్లగానే ఉంటుంది. ఆ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

గట్టును పట్టుకునేది గాలి
దీవుల్లో కొబ్బరికి కొదవ లేదు. చేత్తో తిప్పే కొబ్బరి కోరు అడుగున రబ్బరు చిప్ప ఉంటుంది. మీట నొక్కితే లోపలి గాలి పలచబడి, బయటి గాలి దాన్ని గట్టుకు అదిమిపడుతుంది. పది సెంటీమీటర్ల వెడల్పున్న చిప్పలో గాలి పూర్తిగా పోతే ఆ ఒత్తిడి దాదాపు 80 కిలోల బరువుతో సమానం. నున్నటి గ్రానైట్ మీద అంటుకుంటుంది. గరుకు సిమెంటు మీద గాలి దూరి ఊడొస్తుంది.

కరెంటు లేని ఓవెన్
దిబ్బరొట్టె మూకుడు మూతపై నిప్పులు పెడితే చాలు. కిందా పైనా ఒకేసారి సెగ తగిలి, తిరగెయ్యకుండానే రొట్టె కాలుతుంది.

మట్టి ఒక దీవిది, కుండ ఇంకో దీవిది
నికోబార్‌లో సంప్రదాయంగా కుండలు చేసేది చౌరా దీవి ఆడవాళ్లే. మట్టి మాత్రం పక్కనున్న టెరెస్సా నుంచి పడవల్లో రావాలి. సారె లేకుండా, మట్టిని చుట్టలు చుట్టలుగా పేర్చి మలుస్తారు. ఆ కుండలే మిగతా దీవుల పొయ్యిల మీదికి చేరేవి.

ముందు డబ్బా, తర్వాత తాళం
రేకు డబ్బాలో ఆహారం నిలవచేసే పద్ధతికి ఇంగ్లండులో 1810లోనే పేటెంటు వచ్చింది. దాన్ని తెరిచే పరికరం 1855 దాకా రాలేదు. నలభై అయిదేళ్లూ జనం ఉలీ సుత్తీ పట్టుకునే భోజనానికి కూర్చున్నారు!