దెబ్బ చిన్నదే, పడిన క్షణమే ప్రమాదం

అపోహ: ఛాతీకి బంతి తగిలి కుర్రాడు కుప్పకూలాడంటే పక్కటెముక విరిగో, గుండె చితికో ఉంటుంది.

వాస్తవం: చాలాసార్లు పోస్టుమార్టంలో ఏమీ దొరకదు. ఎముకలు, రక్తనాళాలు, గుండె కండరం అన్నీ బాగానే ఉంటాయి. చెడింది లయ ఒక్కటే. దీన్ని వైద్యులు 'కమోషియో కార్డిస్' అంటారు. 2023 జనవరి 2న సిన్సినాటిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డమార్ హామ్లిన్ ఓ ఢీ తర్వాత లేచి నిలబడి, మరుక్షణమే వెల్లకిలా పడిపోయాడు. మైదానంలోనే సీపీఆర్ చేసి బతికించారు. అదే ఏడాది మళ్లీ ఆడాడు.

గుండె ఒకసారి కొట్టుకున్నాక దాని కణాలు తర్వాతి స్పందనకు సిద్ధం కావాలి. ఈసీజీలో టీ తరంగం ఆ సర్దుబాటుకు గుర్తు. ఆ తరంగం శిఖరానికి చేరే ముందు సుమారు 20 మిల్లీసెకన్ల సందు ఉంటుంది. కొన్ని కణాలు సిద్ధమై, పక్కవి ఇంకా కాని సమయమది. సరిగ్గా అప్పుడు దెబ్బ పడితే ఎడమ జఠరికలో ఒత్తిడి ఎగసి గోడ సాగుతుంది. సాగితే తెరుచుకునే అయాన్ ద్వారాలు కణాల పొరల్లో ఉన్నాయి. వాటి గుండా పుట్టిన విద్యుత్తు దారి దొరక్క సుడులు తిరుగుతుంది. జఠరికలు వణుకుతాయే తప్ప రక్తాన్ని తోయవు. మార్క్ లింక్ బృందం మత్తిచ్చిన పందిపిల్లలపై చేసిన ప్రయోగాల్లో బేస్‌బాల్ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో తగిలినప్పుడే ముప్పు ఎక్కువగా కనిపించింది. అంతకంటే వేగంగా విసిరితే లయ చెడడం తగ్గి, కండరం కమలడం పెరిగింది. (2014లో బంతి తగిలి మరణించిన క్రికెటర్ ఫిల్ హ్యూస్ కథ వేరు. ఆయనకు తెగింది మెడలోని ధమని.)

అపోహ: ఛాతీకి ప్యాడ్ ఉంటే భయం లేదు.

వాస్తవం: ప్యాడ్ కట్టుకున్నవారూ పోయారు. మైదానంలో ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చి లయ సరిచేసే పరికరం) ఉండాలి, సీపీఆర్ తెలిసినవారూ ఉండాలి.

అపోహ: ఆగిన గుండెను గుద్దితే కొట్టుకుంటుంది.

వాస్తవం: మన సినిమాల్లో హీరో గుద్దగానే హీరోయిన్ కళ్లు తెరుస్తుంది. గుద్దుకు గుండె గోడ సాగి విద్యుత్తు పుట్టడం నిజమే, కానీ లయ సరికావడం అరుదు, మరింత చెడవచ్చు కూడా. గుద్దకండి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100–120 సార్లు నొక్కండి.

అపోహ: గుండె పెద్దదైతే బలహీనపడుతుంది, అంతే.

వాస్తవం: గోడ సాగితే లయ కూడా చెడవచ్చు. ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీ ఎడమ కర్ణికను సాగదీస్తుంది. సాగిన గోడలో మచ్చకణజాలం చేరి ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు (కర్ణికల వణుకుకు) నేల సిద్ధమవుతుంది. సాగదీసిన కుందేలు గుండెలో ఈ వణుకును చిలీ టరాంటులా సాలీడు విషంలోని ఓ పెప్టైడ్ అణచగలదని 2001లో తేలింది. అది ఇంకా మందుగా మారలేదు. ఈలోగా చేతిలో ఉన్న ఉపాయం బీపీ మాత్ర మానకుండా వేసుకోవడమే.