ఏరు కనబడని నేల

మొన్న సాయంత్రం మా మనవరాలు అట్లాసు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "తాతయ్యా, ఇక్కడ నీలం గీత ఒక్కటీ లేదేమిటి?" అంది. దాని వేలు మెక్సికోలో తూర్పుకొస మీద ఉంది. యుకటాన్ ద్వీపకల్పం. ఒక పక్క మెక్సికో సింధుశాఖ, ఇంకో పక్క కరీబియన్ సముద్రం. వైశాల్యంలో దాదాపు మన ఆంధ్రప్రదేశ్ అంత ఉంటుంది. అందులో ఉత్తరభాగమంతా వెతికినా నది అనదగ్గది కనబడదు.

వానల్లేక కాదమ్మా. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానాకాలమే. వాయవ్య తీరంలో కాస్త తక్కువ, తూర్పు వైపు బాగా ఎక్కువ. పైగా తుఫానుల దారి అది. 2005 అక్టోబరులో విల్మా అనే పెనుతుఫాను కోజుమెల్, కాన్కూన్‌ల మీద విరుచుకుపడింది.

"మరి ఆ నీళ్ళన్నీ ఏమైపోతాయి?"

వంటింట్లోంచి గుడ్డు పెంకు ముక్క ఒకటి తెమ్మన్నాను. చెంచాడు నిమ్మరసంలో వేశాం. కాసేపట్లోనే పెంకుకి సన్నటి బుడగలు పట్టి, ఒక్కొక్కటే పైకి లేచాయి. అది కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. గుడ్డు పెంకూ సున్నపురాయీ ఒకే పదార్థం, పులుపు తగిలితే కరుగుతాయి. వాన చినుకు గాలిలోంచీ, మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కిందికి దిగుతుంది. గోలీసోడాలో బుస్సుమనేది అదే వాయువు. నిమ్మరసమంత పులుపు వాన నీటికి ఉండదు కానీ, దానికి తొందర లేదుగా! యుకటాన్ నేలంతా ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. పడిన నీరు పడినట్టే పగుళ్ళలోకి ఇంకి, లక్షల ఏళ్ళుగా రాతిని తొలుచుకుంటూ లోపలే ఏరులై పారుతోంది. మన బెలుం గుహలు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బెలుం పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు. యుకటాన్‌లో సాక్ అక్తున్ అనే నీటిగుహల వరుసను 2018 నాటికి 347 కిలోమీటర్ల దాకా ఈదుకుంటూ కొలిచారు.

గుహ పైకప్పు కూలినచోట నిలువుగా పెద్ద బావి తెరుచుకుంటుంది. దాన్ని సెనోటే అంటారు, మాయా ప్రజల మాటలోంచి వచ్చిన పేరు. చిచెన్ ఇట్జా అన్న ఊరి పేరుకే 'ఇట్జాల బావి మొగదల' అని అర్థం. ఊళ్ళు వెలిసింది ఈ బావుల దగ్గరే.

మెరిడా నగరం చుట్టుపక్కల ఈ సెనోటేలు పటంలో పెద్ద వంపుగా, విల్లు వంచినట్టు కనబడతాయి. ఆ వంపు కింద ఉన్నది 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట గ్రహశకలం పడిన గుంట అంచు. డైనోసార్ల కాలాన్ని ముగించిన దెబ్బ అదే. సుమారు 180 కిలోమీటర్ల వెడల్పున్న ఆ గుంటను తరవాత సున్నపురాయి పూర్తిగా కప్పేసింది. అంచు వెంట రాయి పగిలి, కుంగి ఉండటంతో నీరు అక్కడ ఎక్కువగా తొలిచింది.

సెనోటేలో లోతుగా దిగితే ఇంకో వింత. పైన తియ్యటి నీరు, అడుగున సముద్రపు ఉప్పునీరు. బరువు తేడా వల్ల తొందరగా కలవవు. రెండూ తగులుకునే చోట, పాకం నీళ్ళలో పోసినప్పటిలా, చూపు మసకబారుతుందని ఈతగాళ్ళు చెబుతారు. మన బాపట్ల, చీరాల ఇసకల్లో దొరువులు తవ్వుకునే రైతులకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. లోతుకి పోకుండా, పైన తేలే తియ్యనీటినే చేదుకుంటారు. ఆశపడి ఎక్కువ తోడితే ఉప్పునీరు పైకి వచ్చేస్తుంది.

నాకు దిగులు కలిగించేది మరొకటుంది. రాతి నిండా బెజ్జాలున్న నేలకి వడగట్టే ఓపిక ఉండదు. మెరిడా మురుగైనా, పందుల పెంపకశాలల వ్యర్థమైనా మీద పోస్తే చాలు, నేరుగా తాగే నీళ్ళలోకే దిగుతుంది. ఆ చీకటి నీళ్ళలో కళ్ళులేని తెల్లటి చేపలు బతుకుతున్నాయి. వాటికి పారిపోవడానికి వేరే ఏరు లేదు.

దక్షిణాన కలక్‌ముల్ అడవిలో జాగ్వార్లున్నాయి. ఎండలు ముదిరితే బంకమట్టి గుంటల్లో మిగిలిన నీటి దగ్గరికే జాగ్వారూ, జింకా, అడవి టర్కీకోడీ అన్నీ రావాలి.

"పిట్టలేవీ చెప్పలేదు తాతయ్యా" అంది మనవరాలు.

ఉందమ్మా, అక్కడివాళ్ళు 'తొహ్' అని పిలిచే పిట్ట. మాట్‌మాట్ జాతిది. తోకలో రెండు పొడవాటి ఈకలు, చివర మాత్రం నీలి రంగు రేకులు, మధ్యలో ఒట్టి పుల్లలే. కొమ్మ మీద కూర్చుని ఆ తోకను గోడగడియారం లోలకంలా అటూ ఇటూ ఊపుతుంది. సెనోటే గోడల్లో బొరియ చేసుకుని గుడ్లు పెడుతుంది. ఎండిపోయిన అడవిలో నడుస్తుంటే అది చెట్ల మధ్య నుంచి ఉన్నట్టుండి నేలలోకి దిగిపోయినట్టు మాయమైతే, అక్కడికి వెళ్ళి కిందికి చూడాలి. నీళ్ళుంటాయి.